క్యాన్‌ నీళ్లలో ప్లాస్టిక్‌ ఎంత?

ఫ్లోరైడ్‌ భయంతో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో చాలా ఇళ్లు బోరు నీళ్లు మానేసి క్యాన్‌ నీళ్లకు మారాయి. ఇప్పుడు ఆ ప్లాస్టిక్‌ క్యాన్‌ మీదే కొత్త అనుమానం మొదలైంది. నీళ్లను పరీక్ష చేయించాలా? చేయిస్తే దేనికి, ఎక్కడ, ఏ వరుసలో? డబ్బు వృథా కాకుండా, అసలు ముప్పును మరిచిపోకుండా ఈ పని ఎలా చేయాలో తెలుసుకోండి.

తెల్లారేసరికి వీధిలోకి ఆటో వస్తుంది. ఖాళీ క్యాన్‌ తీసుకుని నిండు క్యాన్‌ దించి వెళతారు. ఉదయగిరిలో, వరికుంటపాడులో, దుత్తలూరులో, మర్రిపాడులో, ఆత్మకూరులో ఇప్పుడిది రోజూ కనిపించేదే. ఇంట్లో పసిబిడ్డ పాలపొడి నుంచి పెద్దాయన మాత్ర దాకా అన్నింటికీ ఆ నీళ్లే.

ఈ మధ్య ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి చాలామంది తల్లిదండ్రులు కంగారు పడుతున్నారు. 'ప్లాస్టిక్‌ క్యాన్‌లో నీళ్లు విషమట, బోరు నీళ్లే నయమట' అనే మాట వినిపిస్తోంది. ఇందులో మొదటి సగం కొంత నిజం, మిగతాది పెంచి చెప్పింది. రెండో సగం మాత్రం మన ప్రాంతంలో ప్రమాదకరం. ఎందుకో తెలియాలంటే ముందు మన నేల సంగతి గుర్తు చేసుకోవాలి.

ముందు ఫ్లోరైడ్‌ సంగతి

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి గుర్తించింది నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్‌, పండిట్‌, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 'ఇండియన్‌ మెడికల్‌ గెజిట్‌'లో ఈ జిల్లా ఫ్లోరోసిస్‌ గురించి వ్యాసం ప్రచురించారు. వారిలో పండిట్‌ తర్వాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టర్‌ అయ్యారు. అప్పటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు కూడా కలిసి ఉండేవి. ఉదయగిరి వైపు మెట్ట మండలాలు ఆ ప్రాంతానికి ఆనుకునే ఉన్నాయి. రాతిపొరల్లోని ఫ్లోరైడ్‌ ఖనిజాలు భూగర్భజలంలో కరగడమే దీనికి మూలం.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్‌ 10500. దాని ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్‌ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి కూడా 1.5 మిల్లీగ్రాములే. ఇది దాటితే మొదట దెబ్బతినేవి పిల్లల పళ్లు. చిగుళ్ల లోపల ఎనామిల్‌ తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు తాగిన నీరే ఆ మరకలకు కారణం. ఒకసారి ఏర్పడిన మరకను మళ్లీ మామూలు ఎనామిల్‌గా మార్చడం సాధ్యం కాదు. ఏళ్ల తరబడి లీటరుకు 3 నుంచి 6 మిల్లీగ్రాములున్న నీళ్లు తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది. ఎండలో పనిచేసేవాళ్లు నీళ్లు ఎక్కువ తాగుతారు కాబట్టి వాళ్ల శరీరంలోకి చేరే ఫ్లోరైడ్‌ కూడా ఎక్కువే.

ఆర్‌వో యంత్రం ఈ ఫ్లోరైడ్‌లో అధిక భాగాన్ని తీసేస్తుంది. అందుకే ఈ ప్రాంతంలో ఆర్‌వో ప్లాంట్లకు ఆదరణ పెరిగింది. 2014 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం 20 లీటర్లు రెండు రూపాయలకు ఇచ్చే ఎన్టీఆర్‌ సుజల పథకం మొదలుపెట్టినప్పుడు ఉన్న ఉద్దేశం కూడా శుద్ధి చేసిన నీటిని అందరికీ అందించడమే. కాబట్టి ప్లాస్టిక్‌ భయంతో పరీక్ష చేయించని బోరు నీళ్లకు తిరిగి వెళ్లడం అంటే, కచ్చితంగా తెలిసిన హానిని ఇంట్లోకి పిలుచుకోవడమే. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

క్యాన్‌ నుంచి నీళ్లలోకి ఏం దిగుతాయి?

'ప్లాస్టిక్‌' అనేది ఒక్క పదార్థం కాదు. ఒక్కో రకం నుంచి ఒక్కో రసాయనం వస్తుంది. మీ క్యాన్‌ అడుగున త్రిభుజం గుర్తు, దాని లోపల ఒక అంకె ఉంటాయి. ముందు దాన్ని చూడండి.

1 (పెట్‌): లీటరు నీళ్ల సీసాలు, కొన్ని పలుచని పారదర్శక క్యాన్లు దీంతోనే చేస్తారు. తయారీలో ఉత్ప్రేరకంగా వాడే యాంటిమొనీ అనే లోహం ఇందులో కొద్దిగా మిగిలి ఉంటుంది. వేడికి అది నీళ్లలోకి దిగుతుంది. పెట్‌ పూర్తి పేరులో 'థాలేట్‌' అన్న మాట ఉన్నా, హార్మోన్లకు హాని చేస్తాయనే థాలేట్లు వేరు. పెట్‌ తయారీకి వాటి అవసరం లేదు, బీపీఏ అవసరమూ లేదు.

2 (హెచ్‌డీపీఈ): తెల్లగా లేదా నీలంగా, లోపలి నీళ్లు మసకగా కనిపించే క్యాన్లు, డ్రమ్ములు ఈ రకం. ఇందులో బీపీఏ ఉండదు. ఆహార పదార్థాలకు పనికొచ్చే కొత్త ముడిసరుకుతో చేసిందా, పాత ప్లాస్టిక్‌ కరిగించి పోసిందా అన్నదే అసలు ప్రశ్న.

3 (పీవీసీ): గొట్టాలు, మెత్తటి పైపులు. మెత్తగా వంగే పైపుల్లో థాలేట్లు కలుపుతారు. గట్టి గొట్టాల తయారీలో సీసం లవణాలు వాడే అలవాటు ఉండేది. దాన్ని కట్టడి చేస్తూ కేంద్రం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అంతకుముందు వేసిన గొట్టాలు ఇంకా గోడల్లో ఉన్నాయి.

5 (పాలీప్రొపిలీన్‌): మూతలు, కొన్ని డబ్బాలు. నీటి విషయంలో పెద్దగా ఇబ్బంది పెట్టని రకం.

7 (ఇతరాలు): అద్దంలా మెరిసే గట్టి 20 లీటర్ల క్యాన్‌ మీద ఈ అంకె ఉంటే అది చాలావరకు పాలీకార్బొనేట్‌. బీపీఏ, అంటే బిస్‌ఫినాల్‌-ఎ, దీని తయారీకి మూలపదార్థం. శరీరంలో ఈస్ట్రోజెన్‌ హార్మోనును పోలిన ప్రభావం చూపడం వల్లే దీని మీద ఇంత చర్చ.

బీపీఏ మీద శాస్త్రవేత్తల వైఖరి ఈ పదేళ్లలో బాగా కఠినమైంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023 ఏప్రిల్‌లో రోజువారీ సురక్షిత మోతాదును అంతకుముందున్న దానికంటే 20 వేల రెట్లు తగ్గించింది. ఆహారాన్ని తాకే వస్తువుల్లో బీపీఏ వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో నిషేధించింది. అన్ని దేశాల సంస్థలూ అంత కఠినమైన లెక్కను ఒప్పుకోలేదు. అయినా గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో 7వ నంబరు క్యాన్‌ను పక్కన పెట్టడానికి ఈ సమాచారం చాలు. మన దేశంలోనూ పిల్లల పాలసీసాల విషయంలో బీఐఎస్‌ 2015లోనే బీపీఏకు తలుపు మూసింది.

ఒక చిన్న పరిశోధన ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికాలోని హార్వర్డ్‌లో 77 మంది విద్యార్థులతో వారం రోజులు పాలీకార్బొనేట్‌ సీసాల్లో చల్లటి పానీయాలు తాగించారు. వాళ్ల మూత్రంలో బీపీఏ 69 శాతం పెరిగింది. 2009లో వెలువడిన ఈ ఫలితం మనకు రెండు విషయాలు చెబుతుంది. చల్లటి నీళ్లలోకీ కొంత దిగుతుంది. సీసా మారిస్తే ఆ మేరకు తగ్గించుకునే అవకాశం మన చేతుల్లోనే ఉంది.

ఎండ చేసే పని

మన దగ్గర వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. క్యాన్లు టాప్‌ లేని ట్రాలీ ఆటోల్లో ఊళ్లు తిరుగుతాయి. దుకాణం ముందు ఎండలో పేర్చిన సీసాల కట్టలూ చూస్తుంటాం. వేడి పెరిగితే ప్లాస్టిక్‌ నుంచి రసాయనాలు దిగే వేగం పెరుగుతుందన్నది నిజం. ఎంత పెరుగుతుందో అంకెల్లో చూస్తే అనవసర భయం, అనవసర ధీమా రెండూ తగ్గుతాయి.

అరిజోనా ఎండలు కూడా మన ఎండల్లాంటివే. అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు పెట్‌ సీసాల్లో యాంటిమొనీ ఎంత దిగుతుందో కొలిచి 2008లో ప్రచురించారు. అమెరికా పరిమితి లీటరుకు 6 మైక్రోగ్రాములు. నీళ్లు 60 డిగ్రీల వేడిలో ఉంటే ఆ పరిమితి దాటడానికి 176 రోజులు పట్టింది. అదే 80 డిగ్రీల్లో అయితే 2.3 రోజులే. మామూలు గది వేడిలో పెద్దగా మార్పు లేదు. అంటే పొలానికి తీసుకెళ్లిన సీసా ఒక పూట ఎండలో ఉంటే గుండెలు బాదుకోనక్కర్లేదు. నెలల తరబడి రేకుల షెడ్డులో, మూసిన కారులో ఉడికిన సీసా మాత్రం తాగడానికి పనికిరాదు.

పాలీకార్బొనేట్‌ విషయంలో వేడి ఇంకా ముఖ్యం. సిన్సినాటి విశ్వవిద్యాలయం 2008లో చేసిన ప్రయోగంలో ఈ రకం సీసాల్లో మరిగే నీళ్లు పోసినప్పుడు బీపీఏ విడుదల వేగం గరిష్ఠంగా 55 రెట్లు పెరిగింది. సీసా పాతదా కొత్తదా అన్నదానికంటే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయన్నదే ఎక్కువ తేడా చూపింది. క్యాన్‌ను వేడినీళ్లతో కడగడం శుభ్రత అనుకుంటాం. 7వ నంబరు క్యాన్‌కు మాత్రం ఆ పని చేయకండి. ఘాటైన సోడా పొడులు, గరుకు బ్రష్‌లు కూడా ఆ ప్లాస్టిక్‌ను త్వరగా దెబ్బతీస్తాయి.

కంటికి కనిపించని రేణువులు

రసాయనాలు ఒక ఎత్తు, ప్లాస్టిక్‌ రేణువులు మరో ఎత్తు. కొలంబియా విశ్వవిద్యాలయం 2024 జనవరిలో వెలువరించిన అధ్యయనంలో అమెరికా మార్కెట్లోని సీసా నీళ్లలో లీటరుకు సగటున సుమారు 2 లక్షల 40 వేల రేణువులు లెక్క తేలాయి. వాటిలో దాదాపు 90 శాతం నానో పరిమాణంలోవి. అదే ఏడాది మార్చిలో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వును తీసి పరీక్షించారు. 257 మందిలో 150 మందికి అందులో పాలిథిలీన్‌ రేణువులు కనిపించాయి. రేణువులు ఉన్నవారిలో తర్వాతి సుమారు మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా నమోదైంది. రేణువులే కారణమని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. ఆ రేణువులు నీళ్ల నుంచే వచ్చాయనీ చెప్పలేదు. గాలి, ఆహారం ద్వారా కూడా అవి లోపలికి వెళతాయి.

ఈ రేణువులకు తాగునీటిలో ఇంత మించకూడదనే పరిమితిని మన ప్రమాణం ఐఎస్‌ 10500 పెట్టలేదు. కాబట్టి మీ నీళ్లలో రేణువులు లెక్కించమని డబ్బు కట్టినా, వచ్చిన అంకెను పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఈ పరీక్ష పరిశోధకులకు వదిలేయండి.

మీటర్‌ చూపించేది ఏమిటి?

ప్లాంటు వాళ్లు నీళ్లలో చిన్న పెన్ను లాంటి మీటర్‌ ముంచి '40 వచ్చింది, స్వచ్ఛమైన నీళ్లు' అంటారు. అది టీడీఎస్‌ మీటర్‌. నీళ్ల గుండా కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో చూసి, కరిగిన లవణాలు ఎంతో అంచనా వేస్తుంది. ఆర్‌వో పొర పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. నిన్న 40 చూపిన మీటర్‌ ఈరోజు 300 చూపితే పొర చెడిందని అర్థం.

ప్లాస్టిక్‌ రసాయనాల సంగతి మాత్రం దానికి తెలియదు. బీపీఏ, థాలేట్లకు విద్యుదావేశం ఉండదు. పైగా అవి ఉండే మోతాదు చాలా చిన్నది. ఐరోపా సమాఖ్య తాగునీటిలో బీపీఏకు పెట్టిన పరిమితి లీటరుకు 2.5 మైక్రోగ్రాములు. మీటర్‌ చూపించగల అతి చిన్న అంకె 1 మిల్లీగ్రాము. అంటే ఆ పరిమితి, మీటర్‌ చూపే కనీస అంకె కంటే 400 రెట్లు చిన్నది. మీటర్‌ 40 చూపినా, 400 చూపినా ప్లాస్టిక్‌ గురించి ఏమీ తెలియనట్టే. బ్యాక్టీరియా సంగతీ అంతే.

ఇంకో సంగతి. ఆర్‌వో పొర దగ్గర బయటికి వచ్చే నీళ్లు శుభ్రంగానే ఉండొచ్చు. ఆ తర్వాత అవి ట్యాంకులో నిలుస్తాయి, పైపులో పారతాయి, క్యాన్‌లో నిండుతాయి, ఎండలో తిరుగుతాయి, మీ వంటింట్లో రెండు రోజులు ఉంటాయి. ప్లాస్టిక్‌ కలిసేది ఎక్కువగా ఈ దారిలోనే. ప్లాంటు దగ్గర పట్టిన నమూనా రిపోర్టు గోడకు తగిలించి ఉన్నా, అది మీ గ్లాసులోని నీళ్ల రిపోర్టు కాదు.

పరీక్ష ఏ వరుసలో చేయించాలి?

మొదటి మెట్టు: ఫ్లోరైడ్‌, బ్యాక్టీరియా, నైట్రేట్‌. తాగేది బోరు నీళ్లయినా, క్యాన్‌ నీళ్లయినా, పంచాయతీ కుళాయి అయినా ముందు ఇవే. జల్‌జీవన్‌ మిషన్‌ కింద గ్రామాలకు ఇచ్చిన కిట్లతో ఫ్లోరైడ్‌, నైట్రేట్‌, కాఠిన్యం, క్లోరైడ్‌, ఇనుము వంటివి అక్కడికక్కడే చూడొచ్చు. పంచాయతీ కార్యాలయంలో అడగండి. కిట్‌ చూపించేది రంగును బట్టి వేసే అంచనా మాత్రమే. అనుమానం ఉంటే మండలంలోని గ్రామీణ నీటి సరఫరా శాఖ ఏఈ కార్యాలయానికి వెళ్లి, ల్యాబ్‌ పరీక్షకు నమూనా ఎక్కడ ఇవ్వాలో తెలుసుకోండి. ఈ శాఖ ల్యాబ్‌లలో సాధారణ ప్రజలూ తక్కువ రుసుముతో పరీక్ష చేయించుకోవచ్చు. క్యాన్‌ నీళ్లకు కూడా ఫ్లోరైడ్‌ పరీక్ష ఎందుకంటే, పొర మార్చని ప్లాంటు ఫ్లోరైడ్‌ను వదిలేస్తుంది.

రెండో మెట్టు: సీసం. ఇంట్లో పాత పీవీసీ గొట్టాలు, పాత ఇత్తడి కుళాయిలు ఉండి, ఆ నీళ్లే తాగుతుంటే ఇది చేయించండి. ఐఎస్‌ 10500 పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని నిస్సందేహంగా రుజువైంది కాబట్టి, బీపీఏ కంటే దీనికే ముందు స్థానం.

మూడో మెట్టు: అసలైన ప్లాస్టిక్‌ రసాయనాలు. ఇవి జిల్లా స్థాయి నీటి ల్యాబ్‌లలో మామూలుగా చేసే పరీక్షలు కావు. థాలేట్లకు జీసీ-ఎంఎస్‌, బీపీఏకు ఎల్‌సీ-ఎంఎస్‌, యాంటిమొనీకి ఐసీపీ-ఎంఎస్‌ అనే యంత్రాలు కావాలి. హైదరాబాద్‌, చెన్నై నగరాల్లో ఎన్‌ఏబీఎల్‌ గుర్తింపు పొందిన ప్రైవేటు ల్యాబ్‌లు ఉన్నాయి. ఒక్కో ల్యాబ్‌కు ఏయే పరీక్షలకు గుర్తింపు ఉందో ఎన్‌ఏబీఎల్‌ వెబ్‌సైట్లో చూడొచ్చు. 'తాగునీటిలో బీపీఏ' అన్న పరీక్ష ఆ జాబితాలో ఉందా అని చూశాకే డబ్బు కట్టండి. ల్యాబ్‌కు గుర్తింపు ఉన్నంత మాత్రాన అన్ని పరీక్షలకూ ఉన్నట్టు కాదు.

ఈ మూడో మెట్టు అందరికీ అవసరం లేదు. ఖర్చు వేల రూపాయల్లో ఉంటుంది. ఒక్క ఇల్లు కట్టే బదులు ఒకే ప్లాంటు నీళ్లు తాగే వీధివాళ్లో, అపార్ట్‌మెంట్‌ వాళ్లో, పాఠశాల తల్లిదండ్రుల కమిటీయో కలిసి చేయిస్తే భారం తగ్గుతుంది, ప్లాంటు యజమాని కూడా వింటాడు. నీళ్లకు ప్లాస్టిక్‌ వాసన తగ్గకుండా వస్తున్నా, క్యాన్‌ ఏ రకమో తెలియకపోయినా, పసిపిల్లలకు ఇంకో నీటి వనరు లేకపోయినా చేయించడంలో అర్థం ఉంది. క్యాన్‌ మార్చే వీలుంటే మాత్రం పరీక్షకు కట్టే డబ్బుతో స్టీలు బిందెలు కొనుక్కోవడమే మేలు.

నమూనా పట్టడంలోనే సగం పరీక్ష

ప్లాస్టిక్‌ సీసాలో నీళ్లు పట్టుకెళ్లి 'ఇందులో ప్లాస్టిక్‌ ఉందా' అని అడిగితే, ఆ సీసాలోదే రిపోర్టులో వస్తుంది. అందుకే ఈ జాగ్రత్తలు తీసుకోండి.

* సీసాలు ల్యాబ్‌ నుంచే తెప్పించుకోండి. థాలేట్లు, బీపీఏకు ముదురు గోధుమరంగు గాజు సీసా, మూత లోపల టెఫ్లాన్‌ పొర ఉండాలి.
* యాంటిమొనీ, సీసం పరీక్షలకు మాత్రం ల్యాబ్‌ ఇచ్చే ఆమ్లం కలిపిన ప్లాస్టిక్‌ సీసా సరిపోతుంది. ఆ ఆమ్లాన్ని పారబోయకండి.
* బ్యాక్టీరియాకు వేరే క్రిమిరహిత సీసా. 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి.
* చేతికి పలుచని ప్లాస్టిక్‌ గ్లౌజులు వద్దు. చేతులకు క్రీము, సెంటు రాసుకోకుండా శుభ్రంగా కడుక్కుని పట్టండి. వీటిలోనూ థాలేట్లు ఉండొచ్చు.
* మీరు తాగే చోటే పట్టండి. రెండు రోజులు ఇంట్లో ఉన్న క్యాన్‌ నుంచి ఒక నమూనా, అదే రోజు ప్లాంటు కుళాయి నుంచి ఇంకో నమూనా తీస్తే తేడా క్యాన్‌దా, ప్లాంటుదా తెలిసిపోతుంది.
* సీసం కోసమైతే రాత్రంతా కుళాయి వాడకుండా ఉంచి, పొద్దున వచ్చే మొదటి నీళ్లు పట్టండి.
* 'ఖాళీ నమూనా' ఇవ్వమని ల్యాబ్‌ను అడగండి. స్వచ్ఛమైన నీళ్లు నింపిన సీసాను మీ నమూనాతో పాటే తీసుకెళ్లి తెచ్చి పరీక్షిస్తారు. అందులోనూ థాలేట్లు కనిపిస్తే దారిలో కలిశాయన్నమాట.
* నమూనాలను ఐస్‌ పెట్టెలో పెట్టి, ఎండ తగలకుండా పంపండి.

రిపోర్టు ఇలా చదవండి

ముందు కొలమానం చూడండి. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. 0.005 మిల్లీగ్రాము, 5 మైక్రోగ్రాములు రెండూ ఒకటే. చాలామంది కంగారు పడేది, మోసపోయేది ఇక్కడే.

తర్వాత 'బీడీఎల్‌' లేదా 'ఎన్‌డీ' అన్న అక్షరాలు చూడండి. కనిపించలేదు అని వాటి అర్థం. లేదు అని అర్థం కాదు. ఆ యంత్రం కనీసం ఎంత ఉంటే కొలవగలదో పక్కన రాసి ఉండాలి. బీపీఏ పరిమితి 2.5 మైక్రోగ్రాములు అనుకుంటే, 10 మైక్రోగ్రాముల కంటే తక్కువను కొలవలేని యంత్రం ఇచ్చిన 'కనిపించలేదు' రిపోర్టుతో ఉపయోగం లేదు. డబ్బు కట్టే ముందే ఈ ప్రశ్న అడగండి.

ఇక పోల్చుకోవడానికి అంకెలు. బీపీఏ, థాలేట్లకు ఐఎస్‌ 10500లో ప్రత్యేక పరిమితి లేదు. అందువల్ల బయటి ప్రమాణాలతో చూసుకోవాలి.

* డీఈహెచ్‌పీ (ముఖ్యమైన థాలేట్‌): ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం లీటరుకు 8 మైక్రోగ్రాములు
* బీపీఏ: ఐరోపా సమాఖ్య ప్రకారం 2.5 మైక్రోగ్రాములు
* యాంటిమొనీ: ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 20, మన ప్యాకేజ్డ్‌ నీటి ప్రమాణం ఐఎస్‌ 14543 ప్రకారం 5 మైక్రోగ్రాములు
* వినైల్‌ క్లోరైడ్‌ (పీవీసీ నుంచి): ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 0.3 మైక్రోగ్రాములు
* సీసం: 10 మైక్రోగ్రాములు

పరిమితి దాటితే వెంటనే జబ్బు చేస్తుందని కాదు. ఈ అంకెలను చాలావరకు ఏళ్ల తరబడి రోజూ తాగడాన్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయిస్తారు. మరోసారి నమూనా తీసి నిర్ధారించుకోండి, ఈలోగా క్యాన్‌ మార్చండి.

మరగబెడితే సరిపోతుందా?

చైనా శాస్త్రవేత్తలు 2024లో ఆసక్తికరమైన సంగతి చెప్పారు. కాఠిన్యం ఎక్కువున్న నీళ్లను మరగబెడితే సున్నం పొరలా విడిపోతూ ప్లాస్టిక్‌ రేణువులను తనలో బంధిస్తుంది. చల్లారాక వడకడితే రేణువుల్లో దాదాపు 90 శాతం వరకు పోయాయి. కాఠిన్యం తక్కువున్న నీళ్లలో పోయింది సుమారు 25 శాతమే.

ఇది చదివి మన కఠిన బోరు నీళ్లను మరగబెట్టి తాగేద్దామనుకోవద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్‌ పోదు. నీరు ఆవిరై, మిగిలినదాంట్లో దాని గాఢత పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నాలుగు లీటర్ల నీళ్లు మరిగి మూడు లీటర్లయితే, ఆ మూడు లీటర్లలో ఒక్కో లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆర్‌వో నీళ్లలో కాఠిన్యమే ఉండదు కాబట్టి మరిగించినా రేణువులు పెద్దగా పోవు. క్రిముల భయం ఉంటే మరిగించండి, అది ఎప్పుడూ మంచిదే. ప్లాస్టిక్‌కు మందు అది కాదు.

ఇంట్లో ఈ రోజే చేయగలిగినవి

నీళ్లు రాగానే ప్లాస్టిక్‌ నుంచి బయటికి తీయండి. క్యాన్‌ దించిన గంటలోపే మూత ఉన్న స్టీలు బిందెలోకో, మట్టికుండలోకో పోసేయండి. ప్లాస్టిక్‌లో ఉండే సమయం రెండు రోజుల నుంచి గంటకు తగ్గుతుంది. దీనికి పరీక్ష అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. నీళ్లు ముంచడానికి పొడవాటి కాడ ఉన్న స్టీలు గరిటె వాడండి. ఉదయగిరి చెక్క గరిటెలు మన ఊరికి పేరు తెచ్చినవే, వేడి కూరలు కలపడానికి ప్లాస్టిక్‌ గరిటె బదులు అవి ఉంచుకోండి.

సొంత పాత్ర తీసుకెళ్లండి. ప్లాంటు దగ్గరలో ఉంటే స్టీలు క్యాన్‌లోనే పట్టించుకోండి. కుదరకపోతే 2వ నంబరు క్యాన్‌ మీ సొంతానికి ఒకటి కొని, దానిలోనే నింపించుకోండి. గీతలు పడినది, పసుపెక్కినది, లోపల పచ్చటి పాకుడు పట్టినది మార్చేయండి.

ఎండను అడ్డుకోండి. క్యాన్లను టార్పాలిన్‌ కప్పిన బండిలోనే తెమ్మని సరఫరా చేసేవాళ్లకు చెప్పండి. వీధి మొత్తం అడిగితే మార్చుకుంటారు. ఇంట్లో కిటికీ పక్కన, గ్యాసు పొయ్యి పక్కన క్యాన్‌ పెట్టకండి. పెళ్లిళ్లకు తెప్పించే కూలింగ్‌ క్యాన్లలో వేడి టీ, పాలు పోయించకండి.

పాలపొడి కలిపే నీళ్లను స్టీలు గిన్నెలో కాచి, గాజు లేదా స్టీలు పాలసీసాలో కలపండి.

మిద్దె మీది ట్యాంకు కొనేటప్పుడు ఐఎస్‌ 12701 ముద్ర చూడండి. ఆ నీళ్లు తాగడానికీ వాడితే దాని మీద నీడ ఉండేలా చిన్న పందిరి వేయండి.

సీలు ఉన్న సీసా, క్యాన్‌ కొంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్స్‌ నంబరు, తయారీ తేదీ చూడండి. 2024 అక్టోబరులో సీసా నీళ్లకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అన్న నిబంధనను తొలగించారు. ఆ ఏడాది నవంబరు చివర్లో వాటిని అధిక ముప్పున్న ఆహార పదార్థాల జాబితాలో చేర్చి, లైసెన్సుకు ముందు తనిఖీ, ఏటా ఆడిట్‌ ఉండాలన్నారు. సీలు లేకుండా నింపి ఇచ్చే క్యాన్‌ 'ప్యాకేజ్డ్‌ వాటర్‌' కిందికి రాదు. అందువల్ల మీరే అడిగి తెలుసుకోవాలి.

ప్లాంటు వాళ్లను అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. ఆర్‌వో పొర చివరిసారి ఎప్పుడు మార్చారు?
2. ఈ మూడు నెలల్లో ఫ్లోరైడ్‌, బ్యాక్టీరియా పరీక్ష చేయించిన కాగితం ఉందా?
3. నీళ్లు నిలవచేసే ట్యాంకు స్టీలుదా, ప్లాస్టిక్‌దా? ఎండలో ఉందా?
4. క్యాన్లు దేనితో కడుగుతున్నారు, ఎన్నాళ్లకు మారుస్తున్నారు?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే ప్లాంటు ఉంటే, పక్క వీధిలో ఉన్నా అక్కడికే వెళ్లండి. సోమశిల, పెన్నా నీళ్లు శుద్ధి చేసి ఇచ్చే కుళాయి మీ ఊరికి వస్తుంటే దాన్నీ ఒకసారి పరీక్ష చేయించండి. నదీజలంలో సాధారణంగా ఫ్లోరైడ్‌ తక్కువ. పరీక్షలో బాగుందని తేలితే క్యాన్‌ అవసరమే తగ్గిపోతుంది.

ఈ వారం చేయాల్సింది ఇదే: క్యాన్‌ను తిప్పి అడుగున అంకె చూడండి, తాగే నీళ్లకు ఫ్లోరైడ్‌ పరీక్ష చేయించండి, వంటింట్లో ఒక స్టీలు బిందె పెట్టండి. బీపీఏ పరీక్ష అవసరమా అన్నది ఈ మూడూ అయ్యాక ఆలోచించవచ్చు.